రెండు తెరలు - ఒకే చీర

బాలలూ! మా అమ్మమ్మ తాతయ్యతో కలిసి తీయించుకున్న ఫొటో ఒక్కటే ఉన్నది. దాన్ని లాప్‌టాప్‌లో దిద్దాను. తెర వెనక్కు వాల్చి కూర్చున్నానేమో, ముఖాలు నల్లగా కనిపించాయి, వెలుగు పెంచాను. కుంకుమరంగు చీర వెలవెలబోయి ఉన్నది; ఎరుపు పెంచాను. తీరా అచ్చు వేయిస్తే ముఖాలు సున్నం పూసినట్టున్నాయి, చీర మండిపోతున్నది!

తప్పు తెరది. 'టి.ఎన్.' రకం తెరను కొంచెం వాల్చినా వెలుగూ రంగూ మారతాయి. 'ఐ.పి.ఎస్.' తెరకు ఈ జబ్బు చాలా తక్కువ.

మరి ఎరుపు సంగతి? 1996లో మైక్రోసాఫ్ట్, హ్యూలెట్ పాకార్డ్ సంస్థలు 'ఎస్.ఆర్.జి.బి.' అనే రంగుల కొలత ప్రతిపాదించాయి. మామూలు ఫొటోలకు అదే కొలత. కొన్ని లాప్‌టాప్‌ల వివరాల్లో '45 శాతం ఎన్.టి.ఎస్.సి.' అని ఉంటుంది. సంఖ్య చూసి మోసపోకండి. ఆ తెర ఎస్.ఆర్.జి.బి. రంగుల్లో సుమారు మూడింట రెండు వంతులే చూపగలదు. నిండుగా కావాలంటే 72 ఉండాలి.

ఇంట్లో మంచి మానిటర్ కూడా ఉన్నదా? అయితే రంగులు దానిమీదనే దిద్దండి. లాప్‌టాప్ తెరమీద పనిముట్లూ, ఫొటోల వరుసా పెట్టుకుంటే చాలు. అందుకు 4కె తెర దండగని నా అభిప్రాయం. మానిటరూ అబద్ధమాడగలదు సుమా! రంగులు కొలిచే చిన్న పరికరాన్ని తెరకు ఆనించి దాన్ని సరిచేస్తారు.

నేనూ అలాగే చేసి, ఫొటో మళ్లీ దిద్దాను. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "ఆఁ, ఇదీ నా చీర!" అన్నది.