లోహభస్మాలు – కణంలోని కావలి

మన వైద్యంలో లోహభస్మాలకు గౌరవస్థానం ఉంది. ఆ గౌరవం నిలవాలంటే గృహస్థులు వాటిని సొంత వైద్యానికి వాడరాదని నా దృఢాభిప్రాయం.

మా అనంతపురం కరవు సీమ. ఇక్కడ కొన్ని గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు అధికం. కీళ్ళనొప్పులతో బాధపడేవారు వైద్యుని సంప్రదించకుండానే భస్మాలు, పేరులేని పొడులు తెప్పించుకొని నెలల తరబడి సేవించడం చూస్తున్నాను. "వేడి చేస్తే మజ్జిగ త్రాగితే సరి, మిగిలినది శరీరమే చూసుకుంటుంది" అంటారు. ఇందులో సత్యం కొంతే.

జీవకణాలలో మెటలోథయోనీన్ అనే చిన్న ప్రోటీన్ ఉంది. దీనిని 1957లో గుర్రం మూత్రపిండంలో కనుగొన్నారు. దాని అరవై పైచిలుకు అమైనో ఆమ్లాలలో 20 గంధకం గల సిస్టీన్‌లే. కణంలోకి కాడ్మియం వస్తే, ఈ ప్రోటీన్‌ను అంటియున్న జింకును, అనగా యశదాన్ని, తొలగించి తానక్కడ చేరుతుంది. విడివడిన జింకు ఎం.టి.ఎఫ్.-1 అనే మరొక ప్రోటీన్‌తో కలుస్తుంది. అది కణకేంద్రకంలో ప్రవేశించి మెటలోథయోనీన్ జన్యువును మేల్కొలుపుతుంది. అప్పుడా ప్రోటీన్ మరింతగా తయారై విషలోహాన్ని బంధిస్తుంది. పారదాన్ని గంధకంతో బంధించే రసవైద్యుల యుక్తి ఇక్కడ స్ఫురించక మానదు.

అయితే బంధించడం వేరు, విసర్జించడం వేరు. కాడ్మియం మూత్రపిండాలలో దశాబ్దాలు నిలిచిపోతుంది. సీసం విషయంలో ఈ కావలి అంతగా పనిచేయదు. రక్తం తయారీకి అవసరమైన ఒక ఎంజైములో జింకు స్థానాన్ని సీసం ఆక్రమిస్తుంది, రక్తహీనతకు దారితీస్తుంది. గర్భిణులకు, పసిపిల్లలకు అది ఏ మోతాదులోనూ క్షేమం కాదు.

అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా, 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉన్నట్లు 2004లో వెల్లడైంది.

కనుక పాఠకులకు నా మనవి. పారదం, పాషాణం వంటి ద్రవ్యాలున్న మందులపై వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ముద్రించాలని మన ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. ఆ హెచ్చరికను పాటించండి. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య లేని పొడిని ఇంటికి తేకండి. ఇప్పటికే చాలాకాలం వాడినవారు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. కణంలోని కావలికి జింకు అవసరం గనుక నువ్వులు, వేరుశనగలు, నానబెట్టి మొలకెత్తించిన పప్పుధాన్యాలు నిత్యాహారంలో ఉండాలి. ఇవి విషానికి విరుగుడు కావు. ఆరోగ్యానికి ఆధారాలు మాత్రమే. భస్మం ఇవ్వదగినదో కాదో నిర్ణయించవలసినది రోగిని పరీక్షించిన వైద్యుడే.