ఫణిగిరి అడుగుతున్నది

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఊరిని ఆనుకొని ఒక గుట్ట. దాని పేరే ఊరి పేరు, ఫణిగిరి. 2000 తర్వాత జరిగిన తవ్వకాల్లో ఆ గుట్ట మీద మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువులు నివసించిన విహారాలు బయటపడ్డయి. సున్నపురాయి మీద బుద్ధుడి కథలు చెక్కిన తోరణ దూలాలు దొరికినయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు.

ఇది ఒంటరి గుట్ట కాదు. ధూళికట్టలో స్తూపం ఉంది, నేలకొండపల్లిలో స్తూపం ఉంది. కోటిలింగాలలో శాతవాహనుల కంటే ముందటి రాజుల నాణేలు దొరికినయి. కొండాపూర్‌ను 1940ల తొలినాళ్లలోనే హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తవ్వింది. తెలంగాణకు చరిత్ర లేదన్న వాళ్లకు ఈ నేలే జవాబు చెప్పింది.

ఉమ్మడి రాష్ట్రంలో మన చరిత్రను చిన్నచూపు చూసిండ్రని సభల్లో మనమే చెప్పినం. అది నిజమే. కానీ 2014లో రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు ఆ మాట చెప్పి తప్పుకునే వీల్లేదు. 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయినయి. అక్కడి జనం వరుస కట్టి చూసిండ్రు. మరి మనలో ఎంతమందిమి గుట్ట ఎక్కినం?

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. దొరికిన రాయి దొరికిన ఊరికి దగ్గరగా, భద్రంగా ఉండాలె. పక్కన తేటతెలుగులో వివరం రాయాలె. నాణేల మీద, శాసనాల మీద పరిశోధన సామాన్యుడికి అందే పుస్తకంగా రావాలె. బడిపిల్లల పాఠంలో ఫణిగిరి ఉండాలె. గుట్ట చుట్టూ తవ్వి రాళ్లు తరలిపోకుండా ఊరి జనమే కావలి కావాలె.

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! ఒక ఆదివారం బస్సు కట్టుకొని పోదాం. పిల్లలను వెంట తీసుకుపోదాం. చరిత్ర కోసం కొట్లాడినోళ్లం, దాన్ని కాపాడుకునే సోయి కూడా మనకే ఉండాలె. కుండలో దాచిన నాణేలను నేల ఇన్ని వందల ఏండ్లు భద్రంగా అట్టిపెట్టింది. పైకి తీసినంక పోగొట్టుకుంటే ఆ తప్పు ఇంకెవ్వరిది కాదు, మనదే.