సంతానమే సరకైనచోట

జాతికుక్కల పెంపకము వ్యాపారముగా మారి, నగరశివారులలోని రేకుల షెడ్లలోను, డాబాలపై పేర్చిన ఇనుపబోనులలోను నిరాఘాటముగా సాగుచుండగా, దానిని అదుపు చేయవలసిన శాసనము కాగితములకే పరిమితమై యుండుట పాలకులకు శోభస్కరము కాదు.

ఈ వ్యాపారమున లాభమంతయు తల్లి కడుపును ఆశ్రయించి యున్నది. ఎదకు వచ్చిన ప్రతి పర్యాయము క్రాసింగు చేయించి, ఈనిన పిల్లలను పాలు మరువకమునుపే బేరము పెట్టి, తీగల నేలపై నిలిచి నిలిచి అరికాళ్లు పుండ్లు పడినను, ఒడలు చిక్కి శల్యమైనను తల్లిని బోను వెలుపలికి రానీయక, ఇక ఈనదని తేలిననాడు వీధిపాలు చేయు నిర్దయులు ఈ వృత్తిలో నున్నారు. టీకాలు పడని కూన కొన్నవారి యింట పార్వో రోగమున రక్తవిరేచనములతో కన్నుమూయును. మంచుదేశపు హస్కీ మన వేసవికి రొప్పుచు కృశించును.

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సల్పిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసినది. దాని క్రింద 2017లో కేంద్రము కుక్కల పెంపకమునకు, విక్రయమునకు నియమములు చేసినది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కానివాడు ఈ వ్యాపారము చేయరాదు. 8 వారములు నిండని కూనను అమ్మరాదు. 18 మాసములు నిండని ఆడుకుక్కకు క్రాసింగు చేయించరాదు. జీవితకాలమున 5 ఈతలు మించరాదు. నియమములు లోపరహితము కాకపోయినను, ఆచరించినచో ఎంతో హింస తప్పును. కాని హింసకు తొలినేరమున చట్టము విధించు జరిమానా 10 మొదలు 50 రూపాయలు మాత్రమే. కూన యొక్కటి వేలకు వేలు పలుకు బజారులో ఈ మొత్తమునకు జడియువాడెవడు?

నిబంధనలు పెంపకందారులకు భారమను వాదము కలదు. తల్లిని చూపి, టీకాల పత్రమిచ్చి, కూనను అప్పగించు సజ్జనునకు నమోదు వలన కలుగు నష్టమేమి? దొంగచాటు పోటీ తొలగి అతనికి మేలే యగును. ఇంగ్లండులో 2020 నుండి ఆరు నెలలలోపు కూనలను మధ్యవర్తులు అమ్మరాదని శాసించిరి. తల్లిని కొనువాని కంటికి కనబడనీయక దాచు వర్తకమునకు అదియే తగిన విరుగుడు.

కావున మన రెండు తెలుగు రాష్ట్రములును తక్షణమే తనిఖీలు ప్రారంభింపవలెను. ప్రతి విక్రయ ప్రకటనలోను నమోదు సంఖ్య తప్పనిసరి చేయవలెను. కేంద్రము జరిమానాలను నేరమునకు తగినట్లు పెంచవలెను. జీవకారుణ్యము ప్రతి పౌరుని విధి యని రాజ్యాంగపు 51ఎ అధికరణము నిర్దేశించుచుండగా, ప్రభుత్వముల విధి అంతకు తక్కువ కాజాలదు. నమోదు లేని అమ్మకము నేటినుండియే ఆగవలెను.