స్వదేశి తుపాకియు, సిపాయి సాక్ష్యమును

మన సైన్యము చేత ధరింపబడు తుపాకులను గూర్చి కొన్ని సంవత్సరములుగా దేశమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. మనవారు చేసిన ఇన్సాస్ తుపాకి చెడినది గనుక మనవారికి తుపాకి చేయుట చేతకాదనియు, అమెరికానుండియో రష్యానుండియో తెచ్చుకొనుటయే బుద్ధిమంతుల పని యనియు ఒక వాదము. మన తుపాకిలో లోపమున్నదని నోరెత్తువాడు దేశద్రోహి యని రెండవ వాదము. మొదటివారు పట్టణములలో కుర్చీలపై కూర్చుండి మాటలాడుదురు. రెండవవారు వేదికలపై నిలుచుండి మాటలాడుదురు. తుపాకిని భుజమున మోయువాడు మాత్రము ఉభయ పక్షములవారి సభలలోను కానరాడు. న్యాయస్థానములో ఇరువది యేండ్లు గడపిన నాకు, ప్రధాన సాక్షిని పిలువకుండ ఇరుపక్షముల వకీళ్లును వాదన ముగించుట చూచినచో సందేహము కలుగును. అతడేమి చెప్పునో యని ఇరువురును భయపడుచున్నారా?

స్వదేశి తుపాకికి పట్టిన దుర్గతికి లోకములో మొదటి ఉదాహరణము మనది కాదు, కెనడా వారిది. ఆ కథను మనవారు తప్పక తెలిసికొనవలెను. బోయరు యుద్ధకాలమున ఆ దేశము తన సైనికులకు లీ-ఎన్‌ఫీల్డు తుపాకులు కావలెనని బ్రిటనును కోరెను. మాకే చాలవని జవాబు వచ్చెను. పోనీ, మా దేశములోనే ఒక కార్ఖానా పెట్టుడని బర్మింగుహాము కంపెనీని కోరగా అదియును నిరాకరింపబడెను. సామ్రాజ్యము కొరకు ప్రాణములిచ్చుటకు పనికివచ్చిన కెనడా వాడు తుపాకి చేసికొనుటకు పనికిరాకపోయెను! అప్పుడు సర్ చార్లెస్ రాస్ అను స్కాట్లండు ప్రభువు తాను కనిపెట్టిన తుపాకిని తన ఖర్చుతో క్వెబెక్కులో చేయింతునని ముందుకు వచ్చెను. 1902లో ఒప్పందము జరిగెను. ఇంతవరకు కెనడా ప్రభుత్వము చేసినదానిలో తప్పు పట్టువాడు స్వాతంత్ర్యమనగా నేమో యెరుగడు. మనమైనను అటులనే చేసియుందుము.

తుపాకి మంచిదే. మామూలు తుపాకికి తూటా మార్చునప్పుడు బోల్టు పిడిని పైకెత్తి, వెనుకకు లాగి, ముందుకు తోసి, మరల క్రిందికి దించవలెను. రాస్ తుపాకికి పిడిని తిన్నగా లాగి తోసిన చాలును. గొట్టము పొడవు, గురి సూటి. ఇంగ్లండులో బిస్లీ మైదానమున జరుగు పందెములలో 1911లోను, 1913లోను రాజ బహుమతిని కెనడా వారు ఈ తుపాకితోనే గెలిచిరి. యజమానులు ఉప్పొంగిరి. ఆ మైదానమున బురద లేదు. తూటాలు ఏరి తెచ్చినవి. కాల్చువాడు విశ్రాంతిగా పండుకొని కాల్చెను. ఈ మూడు సంగతులను ఆ యుత్సాహములో ఎవరును లెక్కపెట్టలేదు.

హెచ్చరిక లేకపోలేదు. వాయవ్య ప్రాంతపు గుఱ్ఱపు పోలీసులకు మొట్టమొదట ఈ తుపాకులిచ్చినప్పుడే బోల్టు వెనుకకు ఎగిరివచ్చి ఒక ఉద్యోగి కన్ను పోగొట్టుకొనగా, ఆ దళము 1906లో వానిని వదలివేసెను. దానిపై మార్పులు మీద మార్పులు జరిగినవి. తరువాత వచ్చిన రకములో సహితము, శుభ్రము చేసి మరల కూర్చునప్పుడు పొరపాటు చేసినచో, బోల్టు బిగియకుండగనే తూటా పేలు నవకాశము మిగిలియే యుండెను. కన్ను పోయిన ఉద్యోగి ఒక్కడు. రాజ బహుమతులు రెండు. ప్రభుత్వపు త్రాసు ఎటు మొగ్గెనో చెప్పనక్కరలేదు.

1915 ఏప్రిల్‌లో ఈప్ర్ పట్టణమువద్ద జర్మనులు విషవాయువు వదలిరి. కెనడా దళము నిలిచి పోరాడెను. ఆ నిలిచిన క్షణముననే రాస్ తుపాకి నిలిచిపోయెను. రెండు తూటా పెట్టెలు వేగముగా కాల్చుసరికి బోల్టు బిగిసికొని, చేతితో లాగిన రాక, సిపాయిలు మడమలతో తన్నియు, పార కామలతో కొట్టియు తెరువవలసి వచ్చెను. శత్రువు ఎదుట వచ్చుచుండగా తన తుపాకిని తానే తన్నుకొనుచున్న వాని యవస్థను పాఠకులు ఊహింతురు గాక. ఆ యుద్ధమునుండి బ్రతికి బయటపడిన 5,000 మందిలో 1,452 మంది తమ స్వదేశి తుపాకిని పారవైచి, పడిపోయిన బ్రిటిషు సిపాయిల లీ-ఎన్‌ఫీల్డులను ఏరుకొనిరి. ఆ 1,452 మందియు దేశద్రోహులా? యుద్ధరంగమున ఆయుధమును పారవేయుట సైనిక శాసనము ప్రకారము ఘోరాపరాధము. ఇంతమంది ఒక్కసారి ఆ యపరాధము చేసినప్పుడు ముద్దాయిలను గాక శాసనకర్తలను బోనులో నిలుపవలెను.

కారణము పెద్ద రహస్యము కాదు. రాస్ తుపాకి తూటాగది కెనడాలో చేసిన తూటాల కొలతకు బిగువుగా తొలిచినది. రణరంగమునకు వచ్చినవి బ్రిటిషు తూటాలు; అవి ఒక వెండ్రుకవాసి లావు. లీ-ఎన్‌ఫీల్డు గది వదులు గనుక మంచి తూటాను, చెడ్డ తూటాను, మట్టి తూటాను సమానముగా మ్రింగెను. దీనికి తోడు రాస్ బోల్టు వెనుకకు వచ్చి ఆపు మేకునకు తగులునప్పుడెల్ల దాని మర అంచు నలిగి, మరుసటిసారి పట్టివేయుచుండెను. తూటాగదిని కొంచెము వెడల్పు చేయుట, ఆపు మేకును పెద్దది చేయుట, ఇంతే కావలసిన చికిత్స. కమ్మరియైనను చెప్పదగిన ఈ మాట, వినువాడుండినచో, యుద్ధమునకు ముందే తేలియుండెడిది.

వినవలసినవాడు సైన్య మంత్రి శామ్ హ్యూస్. ఆయనకు ఆ తుపాకి తుపాకి కాదు, కెనడా జెండా. లోపము చెప్పిన వాడు శత్రువు. దళాధిపతి ఆల్డర్సను తన క్రింది యధికారుల యభిప్రాయములు సేకరించి, ఈ తుపాకి పనికిరాదని వ్రాయగా, మంత్రి ఆయనను నిందించుచు ఒక జాబు వ్రాసి, దాని నకళ్లను ఆయన క్రింది యధికారులకే పంచిపెట్టెను. 1916 మే నెలలో ఆల్డర్సను తన పదవినుండి తప్పింపబడెను. ఆ సంవత్సరముననే రాస్ తుపాకియు పదాతి దళములనుండి తప్పింపబడెను. నవంబరులో మంత్రియు పోయెను. ముగ్గురు పోయిరి గాని, ఆ వరుసలో సత్యము చెప్పినవాడే ముందు పోయెను. దేశాభిమానము పేర హ్యూస్ స్వదేశి పరిశ్రమకు చేసిన ఉపకారమేమి? 1917లో ప్రభుత్వము ఆ కార్ఖానాను స్వాధీనము చేసికొనెను. రాస్ తుపాకి ఉత్పత్తి అంతటితో ముగిసెను. మొదటి ఫిర్యాదునాడు ఆకురాయి పట్టియుండినచో కార్ఖానా బ్రతికెడిది.

ఇందులో ఇంకొక వింత గలదు. పదాతి దళము పారవైచిన ఆ తుపాకినే పొంచియుండి కాల్చు గురికాండ్రు వదలుటకు ఒప్పుకొనలేదు. తూటాలు తామే యేరుకొని, తుపాకిని గుడ్డలో చుట్టి కాపాడుకొని, దూరమునుండి ఒక్కొక్కటిగా కాల్చువానికి దానిని మించినది లేదు. ఒజిబ్వా జాతికి చెందిన ఫ్రాన్సిస్ పెగహ్మగాబో అను వీరుని లెక్కలో 378 మంది శత్రువులు పడిరని చెప్పుదురు. ఆయన చేతిది రాస్ తుపాకియే. (ఆ జాతులవారికి తమ ప్రత్యేక ప్రతిపత్తిని వదులుకొనకుండ ఓటు వేయు హక్కును కెనడా 1960 వరకు ఇయ్యలేదు. తుపాకి మాత్రము ముందుగనే ఇచ్చిరి.) ఒకే గొట్టము, ఒకే బోల్టు, ఒకని చేతిలో ఆశించినదానికంటె మిక్కిలి, వేరొకని చేతిలో ప్రాణాంతకము. ఎవనికి, ఎచట, ఏ తూటాతో అను ప్రశ్నలు అడుగకుండ తుపాకిని మెచ్చుకొనుటయు, తిట్టుటయు సమానముగా వ్యర్థము.

విదేశ వస్తువ్యామోహులు ఇంతవరకు చదివి సంతోషించియుందురు. వారు కొంచెము ఓపిక పట్టవలెను. లోకములోకెల్ల ధనవంతమైన అమెరికా వియత్నాములో తన సిపాయిలకు ఎం-16 తుపాకి నిచ్చెను. దానిని కల్పించిన స్టోనరు ఒక రకము మందునకు సరిపడునట్లు కల్పింపగా, సైనికశాఖ వేరొక మందును తూటాలలో నింపెను. తూటాగదికి క్రోమియపు పూత వేయక మానెను. దీనిని తుడువనక్కరలేదను ప్రచారము జరిగినది. తుడుచు సామగ్రి చాలినంత పంపలేదు. కాలిన తూటా గుల్లలు గదిలో ఇరుక్కొని, పిల్లలవంటి సైనికులు కడ్డీతో పొడిచి తీయుచుండగా చంపబడిరి. వారు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములు బయటికి వచ్చి, 1967లో కాంగ్రెసు ఉపసంఘము విచారించి, అధికారుల ఉపేక్ష నేరమునకు సమీపమైనదని తేల్చెను. పిమ్మట పూత వేసిరి, సామగ్రి పంపిరి. అదే తుపాకి అటుతరువాత అర్ధశతాబ్దము వారిని కాచెను. బ్రిటను సంగతి యింతకంటె వినోదము. మనకు ఎన్‌ఫీల్డు పేరు నేర్పిన ఆ దేశము 1985లో ప్రవేశపెట్టిన ఎస్‌.ఏ.-80 తుపాకి 1991లో గల్ఫు యుద్ధపు ఇసుకలో మొరాయింపగా, 2000 మొదలు సుమారు 2 లక్షల తుపాకులను ఒక జర్మను కంపెనీ చేత బాగు చేయించుకొనవలసి వచ్చెను. అయినను ఇంగ్లీషువాడు, మా జాతికి తుపాకి చేయుట రాదని చెప్పుకొని తిరుగలేదు. ఆ విద్య మనవారికే అబ్బినది.

ఎన్‌ఫీల్డు అనినంతనే 1857 జ్ఞప్తికి వచ్చును. కంపెనీవారు మన సిపాయిలకు తెచ్చిన ఆ కొత్త తుపాకి ఆ కాలమున లోకములో అత్యుత్తమమైనవానిలో ఒకటి. దాని గొట్టములో దోషము లేదు. తూటా కాగితమునకు పూసిన క్రొవ్వును గూర్చి జనవరిలోనే డమ్‌డమ్‌లో సిపాయిలు మొరపెట్టుకొనిరి. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది తూటాలు ముట్టమనగా, వారికి సంకెళ్లు వేసిరి. మే 10న ఏమి జరిగెనో పాఠకులకు చెప్పనేల. సిపాయి మాటను ఫిర్యాదుగా గాక ధిక్కారముగా వినుట దొరల యలవాటు. ఆ యలవాటు దొరలతో ఓడ యెక్కిపోయినదని మనము తలంచితిమి.

ఇప్పుడు మన యింటి సంగతి. పూనాలో రూపొంది, ఈశాపురములోను ఇతర కార్ఖానాలలోను తయారై, 1990 దశకమున సైన్యము చేతికి వచ్చిన ఇన్సాస్ తుపాకి 1999లో కార్గిల్ చలిలో పరీక్షకు నిలిచెను. తూటాపెట్టెలు చలికి పగిలినవనియు, మూడేసి తూటాలు కాల్చవలసిన మీట ఆగక కాల్చినదనియు, నూనె కండ్లలో చిమ్మినదనియు ఫిర్యాదులు వచ్చెను. 2005 ఆగస్టులో నేపాలులో పిలి అనుచోట 43 మంది సైనికులు చనిపోగా, ఈ తుపాకి తమ్ము మోసగించినదని ఆ దేశపు సైన్యము వాపోయెను. వాడుకలో లోపమని మనవారు జవాబిచ్చిరి. కావచ్చును. అదే జవాబును అమెరికా అధికారులు 1966లో తమ సిపాయిలకు చెప్పియుండిరి. దోషములు దిద్దిన రకములు తరువాత వచ్చినవి. కాని, ఏ ఫిర్యాదు ఏనాడు వచ్చెను, ఏనాడు దిద్దబడెను అను చరిత్రను ప్రజల ముందు పెట్టినవారు లేరు. చీకటిలో దిద్దిన దోషము పేరు పోగొట్టును గాని నమ్మకము తేదు.

మన తెలుగు పల్లెలలో పోలీసు తుపాకి యన్నచో త్రీనాట్‌త్రీయే. దానిని తిట్టుటకు నాకు నోరు రాదు. ఏ తుపాకియు దానివలె యజమానుల యాశలను మించి బ్రతుకలేదు. కాని, మంచి యెద్దు అలసినదాక దున్నించినట్లు మనవారు దానిని వాడిరి. 1962లో హిమాలయములలో ఒక్కొక్క తూటాకు బోల్టు లాగుకొను ఆ తుపాకితో, స్వయంచాలక తుపాకులు గల చీనా సైన్యము నెదుర్కొనిరి. 2008 నవంబరు 26 రాత్రి బొంబాయి రైలు స్టేషనులో కొందరు పోలీసుల చేతులలో నున్నవి పాత త్రీనాట్‌త్రీలే. ఉత్తర ప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పినది 2020 జనవరి 26న. తుపాకి సహనము ఏలికల సోమరితనమునకు సాకైనది.

కొంతకాలము క్రిందట భూమి పంపకపు దావా విషయమై ఒక మాజీ హవల్దారు నాయొద్దకు వచ్చెను. మాటల మీద, మీ సామగ్రి యెట్లుండెడిదని అడిగితిని. తన దళము పేరు చెప్పనని ముందే చెప్పి, “అయ్యా, ఏటేట ఒక కాగితము వచ్చెడిది. సామగ్రి తృప్తికరమా కాదా యని అందులో గడులుండెడివి. గుమాస్తా తృప్తికరమని ముందే నింపి తెచ్చెడివాడు. మేము సంతకములు పెట్టెడివారము,” అనెను. బూట్లకును ఆ కాగితమే, తుపాకికిని ఆ కాగితమే యట. చదువకుండ సంతకము చేయవలదని నేను కక్షిదారులకు చెప్పు సలహా ఆయనకు ఇచ్చుటకు నాకు సిగ్గైనది.

2019లో 72,400 అమెరికా తుపాకులకు ప్రభుత్వము ఆజ్ఞ యిచ్చెను. 2024లో మరి 73,000లకు ఇచ్చెను. అమేఠీ జిల్లా కోర్వాలో రష్యావారితో కలిసి 6,01,427 ఏ.కె.-203 తుపాకులు చేయుటకు 2021 డిసెంబరులో ఒప్పందము చేసికొనెను. కోర్వా కార్ఖానా వర్ధిల్లవలెననియే నా కోరిక. స్వదేశి వ్రతము పట్టినవాడు వేరు విధముగా కోరలేడు. ఆ కోరిక తీరవలెనన్నచో అచట తయారగు మొదటి వేయి తుపాకుల లోపములను సియాచిన్ మంచులోని జవానును, బస్తరు వానలోని కానిస్టేబులును గుమాస్తా గడులు లేని తెల్లకాగితము మీద వ్రాయవలెను. వ్రాసినవానికి శిక్ష లేదని శాసనముండవలెను. శత్రువునకు పనికివచ్చు రహస్యములుండునందురా, అవి తీసివేసి తక్కినది ప్రకటింపుడు. బోల్టు బిగిసికొనుట యుద్ధరంగమున శత్రువునకు మనకంటె ముందే తెలియును.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములనుండి ఎన్నికైన పార్లమెంటు సభ్యులు రాబోవు సమావేశములలో రక్షణ మంత్రిని ఈ ప్రశ్న యడుగవలసినదిగా కోరుచున్నాను: ఇన్సాస్ తుపాకి మీద 1999 మొదలు జవానులు పంపిన ఫిర్యాదులెన్ని, వానిలో ఎన్నింటికి ఎంతకాలములో చికిత్స జరిగెను, కోర్వా తుపాకి మీద ఫిర్యాదు చేయదలచిన సిపాయి తన పై యధికారి చేతిగుండ గాక ఎవరికి వ్రాయవలెను?