సున్నాలు చూసి నవ్వకండి

మొన్న ఉగాది సభలో పిల్లలకు క్విజ్ పెట్టారు. వంద ట్రిలియన్ డాలర్ల నోటు ఏ దేశానిదని అడిగితే ఓ కుర్రాడు ఠక్కున ‘జింబాబ్వే’ అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. కుర్రాడికి పెన్ను బహుమతి.

ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో కూర్చున్నవాణ్ణి, నాకు నవ్వు రాలేదు. రాబడి చాలక సర్కారు నోట్లు అచ్చువేసుకుంటూ పోతే, 2009 జనవరికి ఒకటి పక్కన 14 సున్నాల నోటు దిగింది. 2015లో ఆ డబ్బును రద్దు చేసినప్పుడు, ఖాతాలో అలాంటి 1750 నోట్ల విలువ దాకా ఎంతున్నా, ఖాతాదారు చేతికొచ్చింది 5 అమెరికన్ డాలర్లు. జీతంలో మిగిల్చి దాచుకున్నవాడి పాస్‌బుక్కులో చివరి పద్దు అది. వింత వస్తువులు పోగుచేసేవాళ్ళు ఇవాళ ఆ నోటు ఒక్కదానికే అంతకన్నా ఎక్కువ పోస్తున్నారు!

దేశానికొక వింత, వింతకొక మార్కు. దీనికి మనం పెట్టుకున్న పేరు జనరల్ నాలెడ్జి. ఎందుకలా అయిందని మాత్రం ఏ క్విజ్ మాస్టరూ అడగడు. ముప్ఫై సెకన్లు చాలవు కదా.

తరతరాలుగా ఇక్కడే ఉన్నా ఇరుగుపొరుగు మనల్ని ‘కారం తినేవాళ్ళు’ అని ఒక్కముక్కలో తేల్చేస్తే ఎంత ఉడుక్కుంటాం! వచ్చే ఉగాదికి ఆ కుర్రాణ్ణే పిలిచి 5 డాలర్ల సంగతి చెప్పించండి. పెన్ను నేనిస్తాను.