ఇంట్లోనే పాట.. సాఫ్ట్‌వేర్ ఏది కొనాలి?

ద్రాక్షారామంలో కూర్చుని పాట కట్టాలంటే హైదరాబాద్ స్టూడియోకు పరుగెత్తక్కర్లేదు. షార్ట్‌ఫిల్ములు, యూట్యూబ్ చానెళ్లు, భక్తి పాటల పనికి ల్యాప్‌టాప్, ఓ మైకు చాలు. మరి సాఫ్ట్‌వేర్? ఇక్కడే చాలామంది క్రాక్ కాపీ వేసేస్తారు, వైరస్‌నూ వెంట తెచ్చుకుంటారు. ఆ అవసరమే లేదిప్పుడు.

2017లో గిబ్సన్ సంస్థ కేక్‌వాక్ సోనార్‌ను ఆపేసింది. దాన్ని 2018లో బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితంగా ఇచ్చేసింది. 2025లో సోనార్ పేరుతోనే మళ్లీ ఉచిత వెర్షన్ వచ్చింది. విండోస్ ఉంటే దీంతో మొదలుపెట్టండి. మ్యాక్, ఐఫోన్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఫ్రీ. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌తో జాగ్రత్త, అందులో సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్లీ తెరుచుకోదు. కొంటే మాత్రం అప్‌డేట్లు జీవితాంతం ఉచితం.

డబ్బు పెట్టదలిస్తే మా ఓటు రీపర్‌కే. 60 రోజులు అన్ని ఫీచర్లతో వాడి చూడొచ్చు. తర్వాత లైసెన్సు 60 డాలర్లు, అంటే ఐదు వేల పైచిలుకు. సంపాదన ఏడాదికి 20 వేల డాలర్లు దాటనంత వరకూ ఇదే ధర (దాటితే సంతోషమే కదా!). పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. చిక్కల్లా ఒకటే, అందులో రెడీమేడ్ వాయిద్యాలు పెద్దగా ఉండవు. ఉచిత ప్లగిన్లు విడిగా వెతుక్కోవాలి. డప్పు, నాదస్వరం కావాలంటే మాత్రం ఊళ్లో వాయించేవాళ్లకు నాలుగు డబ్బులిచ్చి రికార్డు చేసుకోవడమే నయం.