పేరు సగమైతే ఆట సగమా?

మొన్న మా వీధిలో ఒకావిడ తన కూతురి సంగతి చెబుతూ దిగులు పడింది. "ఇన్నాళ్లూ ఒక్కతే ఆడేది అక్కా. ఇప్పుడు ఇద్దరు కలిసి ఆడేదాంట్ల పెట్టిన్రంట. ఒక్కతే ఆడితే పేరొస్తది గని, ఇద్దరాడితే పేరు ఎవరిదయితది?" అంది. ఆ పిల్లకు పన్నెండేళ్లు. షటిల్ బ్యాట్ పట్టి రెండేళ్లయింది. తల్లి మాటకు మొహం చిన్నబుచ్చుకుని "సింగిల్స్‌కి పనికిరానని తీసేశారా ఆంటీ?" అని నన్నే అడిగింది.

నాకు వెంటనే మన కోదాడ అమ్మాయి గుర్తుకొచ్చింది. ఎన్.సిక్కిరెడ్డి. 1993 ఆగస్టులో కోదాడలో పుట్టింది. అప్పటికి కోదాడ నల్గొండ జిల్లాలో ఉండేది, 2016లో సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది. సైనా, సింధు పేర్లు తెలియని ఇల్లు మనకు లేదు, సంతోషమే. కానీ సిక్కిరెడ్డి పేరు చెప్పి చూడండి, "ఎవరూ?" అంటారు మన జిల్లా వాళ్లే. కారణం ఒక్కటే, ఆ అమ్మాయిది జంట ఆట.

హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో సాధన చేసిన సిక్కి, 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మహిళల జట్టులో ఉంది. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఆ రోజుల్లో మహిళల డబుల్స్‌లో ప్రజ్ఞా గద్రే జోడీ. మిక్స్‌డ్ డబుల్స్‌లో పంజాబ్ కుర్రాడు ప్రణవ్ జెర్రీ చోప్రాతో కలిసి 2016లో బ్రెజిల్, రష్యా గ్రాండ్ ప్రీ టైటిళ్లు రెండూ గెలిచింది. ఆ తర్వాత కర్ణాటక అమ్మాయి అశ్విని పొన్నప్పతో జత కట్టి 2018 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చుకుంది. అదే క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ స్వర్ణంలోనూ భాగం ఉంది. ఆ ఏడే అర్జున అవార్డు వచ్చింది. ఒలింపిక్స్ దాకా వెళ్లలేకపోయింది, నిజమే. అంతమాత్రాన ఇది చిన్న ప్రయాణమా చెప్పండి?

జోడీలు ఎన్నిసార్లు మారాయో చూశారా? అందులోనే ఉంది కష్టమంతా. సింగిల్స్ ఆడే పిల్ల తన ఆటను తను దిద్దుకుంటే చాలు. డబుల్స్ పిల్ల ఎదుటి మనిషి అడుగు ఎటు పడుతుందో కూడా నేర్చుకోవాలి. దాడి చేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. కాచుకునేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన. ఇద్దరి మధ్యకు వచ్చిన షటిల్ ఎవరిదో రెప్పపాటులో తేలిపోవాలి. ఒకే వంటింట్లో ఇద్దరు ఒకరికొకరు తగలకుండా పండగ వంట చేసిన వాళ్లకు ఈ విద్య విలువ వేరే చెప్పక్కర్లేదు. అలవాటైన మనిషి మారిపోతే మళ్లీ మొదటి నుంచీ మొదలు.

ఇక డబ్బు సంగతి. పెద్ద అంతర్జాతీయ టోర్నీల్లో మొత్తం బహుమతి సొమ్ములో సింగిల్స్ విజేతకు ఇచ్చే వాటా కన్నా గెలిచిన డబుల్స్ జోడీకి ఇచ్చేది కాస్తే ఎక్కువ. అది ఇద్దరూ పంచుకోవాలి. అంటే గెలిచినా చేతికొచ్చేది సింగిల్స్ అమ్మాయికి వచ్చే దాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. రైలు చార్జీలు, బూట్లు, తిండి మాత్రం సగం కావు కదా! పేరూ సగమే, డబ్బూ సగమే అయితే ఏ తల్లి ధైర్యంగా పంపుతుంది? మా వీధి ఆవిడ దిగులులో తప్పేమీ లేదు. తప్పు మన లెక్కలో ఉంది.

ఆ లెక్క తప్పని చెప్పడానికి మనవాళ్లే ఉన్నారు. 2011లో లండన్‌లో గుత్తా జ్వాల, అశ్విని కలిసి తెచ్చిన కాంస్యమే మహిళల డబుల్స్‌లో మన దేశానికి మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం. గాయత్రి గోపీచంద్, కేరళ అమ్మాయి ట్రీసా జాలీ 2022లోనూ, 2023లోనూ ఆల్ ఇంగ్లండ్ సెమీస్‌కు చేరారు. వీళ్లెవరూ సింగిల్స్ చేతకాక మిగిలిపోయినవాళ్లు కారు.

"అందరూ సిక్కిరెడ్డిలు అవుతారా?" అంటారేమో. కారు. చదివిన వాళ్లంతా కలెక్టర్లు అవుతున్నారా? అయినా బడికి పంపుతూనే ఉన్నాం. నల్గొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ చూడండి, ఎనిమిదో తరగతి దాకా ఆడిన పిల్ల తొమ్మిదిలో మానేస్తుంది. పెద్దమనిషి అయిందనో, నిక్కరు బాగాలేదనో, చీకటి పడ్డాక ఎవరు తీసుకొస్తారనో. ఇవేవీ ఆటకు సంబంధించినవి కావు, మనం చక్కదిద్దగలిగినవే. ఆడపిల్లలకు వేరే వేళలు, వాళ్లను చూసుకునేందుకు ఒక ఆడమనిషి, శుభ్రమైన బాత్రూము కావాలని నలుగురు తల్లులు కలిసి వెళ్లి అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. ఒక్కరం అడిగితే "చూద్దాంలేమ్మా" అంటారు. ఇదీ జంట ఆటే మరి.

ఇంకో మాట. సిక్కిరెడ్డి 2019లో తోటి ఆటగాడు సుమీత్ రెడ్డిని పెళ్లి చేసుకుంది. ఆట మానలేదు. భర్తతోనే మిక్స్‌డ్ డబుల్స్ ఆడింది. పెళ్లితో హార్మోనియం అటకెక్కించిన వాళ్లం, కథల కాగితాలు ట్రంకుపెట్టెలో దాచిన వాళ్లం మనలో ఎంతమందిమో! ఈ సంగతి మన కూతుళ్లకు తప్పకుండా చెప్పాలి.

ఆ సాయంత్రం ఆ పిల్లతో అన్నాను, "నిన్ను తీసెయ్యలేదమ్మా, ఇంకో మనిషి భారం కూడా మోయగలవని పెట్టారు" అని. నమ్మిందో లేదో తెలియదు. మర్నాడు ఆరింటికల్లా బ్యాట్ భుజాన వేసుకుని పోతుంటే వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడి అడిగింది, "నీ జోడీ పిల్ల పేరేందే?" అని.

నాకు అది చాలు. ఆ రెండో పేరు అడగడం మనమంతా నేర్చుకోవాలి.